ఓడినా పోయేదేమీ లేని జట్టు

మా ఊరి క్లబ్బులో పిల్లల్ని చేర్పించిన వాళ్ళందరూ సీజనుకి రెండుసార్లు సాసేజ్ స్టాల్లో నిలబడాలి. ఈ నియమం ఎక్కడా రాసి ఉండదు గానీ, తప్పించుకున్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. మొదటిసారి నా పేరు పిలిచినప్పుడు "నేను అవేవీ తిననండీ" అని చెప్పి చూశాను. "తినమన్నదెవరు, అమ్మమంటున్నాం" అన్నాడు క్లబ్బు లెక్కలు చూసే పెద్దాయన. డెబ్భై దాటిన మనిషి. అప్పట్నించి ఏడాదికి రెండు శనివారాలు ఏప్రన్ కట్టుకుని, పొగకి కళ్ళు నులుముకుంటూ, దక్షిణ జర్మనీలో ఒక చిన్న ఊరి నాలుగో అంచె ఫుట్‌బాల్‌ని పెనం వెనక నించి చూస్తున్నాను.

పోయినేడాది ఏప్రిల్లో నా వంతు పడిన రోజున ఒక పెద్ద క్లబ్బు రెండో జట్టు, అంటే మొదటి జట్టు కింద ఉంచుకుని కింది లీగులో ఆడించే జట్టు, మా ఊరొచ్చింది. ఏ క్లబ్బో చెప్పను. వాళ్ళు నిబంధన దాటి ఒక్క పనీ చెయ్యలేదు, నా గొడవ కూడా అదే. మామూలుగా మా గ్రౌండుకి నాలుగైదొందల మంది వస్తారు. ఆరోజు పన్నెండొందలు దాటారు. చుట్టుపక్కల ఊళ్ళ నించి తండ్రులు పిల్లల్ని భుజాలకెక్కించుకుని మరీ వచ్చారు. హాఫ్‌టైముకే బన్నులు అయిపోయాయి. బేకరీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, శనివారం మధ్యాహ్నం కదా, కట్టేసుకుని పోయాడు. ఇక సాసేజీని కాగితం పళ్ళెంలో పెట్టి, పక్కన ఇంత ఆవముద్ద వేసి ఇచ్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. లెక్కల పెద్దాయన మాత్రం డబ్బాలో నాణేల చప్పుడు వింటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

మైదానంలో సంగతి వేరు. ఎదుటి పదకొండు మందిలో ముగ్గుర్ని నేను గుర్తుపట్టాను. ఒకడు మూడు వారాల ముందు టీవీలో, డెబ్భై వేలమంది ముందు ఆడాడు. ఇంకొకడు మోకాలి దెబ్బ నించి కోలుకుంటున్నాడు, వాడికి "తొంభై నిమిషాలు" కావాలి. మూడోవాడు మొదటి జట్టు కోచ్‌కి నచ్చక బెంచీ మీద కూర్చుంటున్నవాడు, కోపం మీదున్నాడు. వాడి కోపమంతా మా ఎడమ బ్యాక్ మీద, అంటే ఎడమవైపు కాపలా కాసేవాడి మీద పడింది. మా ఎడమ బ్యాక్ ఎలక్ట్రీషియన్. సోమవారం పొద్దున ఆరింటికి ఎవరింట్లోనో గోడకి రంధ్రాలు పెడుతూ ఉంటాడు. సున్నా–ఐదు. నాలుగో గోల్ పడ్డాక మావాడొకడు నవ్వేశాడు, చెయ్యగలిగిందేమీ లేనప్పుడు వచ్చే నవ్వు.

సరే, పెద్దవాళ్ళ చేతిలో ఓడాం. రెండు వారాల తర్వాత అదే రెండో జట్టు, మాతోపాటు అడుగున కొట్టుకుంటున్న ఇంకో ఊరి జట్టు మీద ఆడింది. ఆ వారం మొదటి జట్టుకి వరసగా మ్యాచులున్నాయి, గాయాలున్నాయి. పైవాళ్ళు పైకి పోయారు. ఇటు వచ్చింది అండర్-19 నించి తెచ్చిన పిల్లలు. ఒకటి–మూడు, ఓడిపోయారు. జెర్సీ అదే, పట్టికలో పేరూ అదే. మాకు సున్నా పాయింట్లు, మా పోటీదారుకి మూడు.

పట్టికలో అడుగున మిగిలిన జట్లు సీజను చివర కింది లీగుకి దిగిపోతాయి, పైన నిలిచినవి పై లీగుకి ఎక్కుతాయి. ఆ మూడు పాయింట్లతోనే మేం కింది లీగుకి దిగిపోయామని రాస్తే కథ బాగా అతికేది. దిగలేదు. నాలుగు పాయింట్ల తేడాతో గట్టెక్కాం. అయినా ఆ సాయంత్రం పెనం కడుగుతూ మొదలైన ఆలోచన ఇంతవరకూ వదల్లేదు. పెద్ద క్లబ్బులు తమ రెండో జట్లని కింది లీగుల్లో ఆడించొచ్చా? ఆడించకూడదని ఇప్పుడు నా అభిప్రాయం. కనీసం, ఇప్పుడు ఆడిస్తున్నట్టుగా కాదు.

ఒకప్పుడు నేను అటువైపే

మ్యూనిక్‌లో ఉన్న మొదటి రెండేళ్ళూ నాకు ఆ ఊరి పెద్ద క్లబ్బు బయర్న్ మొదటి జట్టు మ్యాచ్ టికెట్ దొరకనేలేదు. గీసింగ్‌లోని గ్రూన్‌వాల్డర్ స్టేడియానికి వెళ్ళేవాణ్ణి. పాత స్టేడియం, నిలబడి చూసే మెట్లు, చుట్టూ అపార్ట్‌మెంట్లు. పై అంతస్తుల వాళ్ళు బాల్కనీలో కాఫీ తాగుతూ ఆట చూస్తుంటారు. అక్కడ బయర్న్ రెండో జట్టు ఆడేది. చవగ్గా టికెట్, గీత పక్కనే ఆట. రేపటి స్టార్లని ఇవాళే చూస్తున్నానని గర్వంగా ఉండేది. హైదరాబాదులో ఉండగా జింఖానాలో లీగ్ క్రికెట్ చూసి "ఈ కుర్రాణ్ణి నేను ముందే చూశా" అని చెప్పుకునే మావయ్యలుండేవాళ్ళు, ఆ గర్వమే ఇదీ.

కాబట్టి రెండో జట్ల ఉపయోగం గురించి నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2008లో జర్మనీ మూడో లీగు మొదలైనప్పుడు ఆ మొదటి సీజన్లో బయర్న్ రెండో జట్టుకి ఆడి 15 గోల్స్ కొట్టిన సన్నటి కుర్రాడు థామస్ ముల్లర్. మరుసటి ఏడాదికల్లా మొదటి జట్టులో, ఆ పైఏడాది ప్రపంచ కప్పులో. తర్వాత జర్మనీ జట్టులో వెలిగిన లామ్, ష్వైన్‌స్టైగర్ కూడా ఆ రెండో జట్టు మెట్లెక్కి వచ్చినవాళ్ళే. బార్సిలోనా రెండో జట్టుకి 2007లో కోచ్‌గా వచ్చిన గార్డియోలా నాలుగో అంచె మైదానాల్లో బుస్కెట్స్‌నీ పెడ్రోనీ చెక్కుకున్నాడు. ఇదంతా కళ్ళముందు ఉండగా కాదని ఎలా అంటాను? పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తన ఈడువాళ్ళతోనే ఆడుతుంటే ఆట ముదరదు. ముప్పై రెండేళ్ళ డిఫెండర్, పిల్లల స్కూలు ఫీజు కట్టాల్సినవాడు, భుజంతో ఒక్కటిచ్చుకుంటేనే వాడికి ఆట తెలుస్తుంది.

ఈ మాట నేను చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా భుజంతో గుద్దిన మనిషి గురించి ఆలోచించలేదు. కుర్రాడికి పాఠం ఎక్కణ్ణించి వస్తోంది? ఎదుటివాడి భయంలోంచి. ఓడితే దిగిపోతామన్న భయం, దిగితే వచ్చే ఏడాది కాంట్రాక్ట్ ఉండదన్న భయం. ఆ భయం ఉండబట్టే ఆ లీగులో ఆట గట్టిగా ఉంది. రెండో జట్టు వచ్చి ఆ గట్టిదనాన్ని వాడుకుంటుంది, తన వంతుగా దాంట్లో వేసేదేమీ లేదు. మా ఎలక్ట్రీషియన్ ఆరోజు ఒక కోటీశ్వరుడి ఫిట్‌నెస్ పరీక్షకి సామగ్రి అయ్యాడు. ఫీజు కూడా లేదు.

కర్చీఫు వేసిన సీటు

మన ఊళ్ళలో ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు ఆపుకుంటారు కదా. విసిరినవాడు ఎక్కుతాడు కాబట్టి మనం ఊరుకుంటాం. ఎక్కనివాడు కర్చీఫు వేస్తే?

2019–20లో బయర్న్ రెండో జట్టు జర్మనీ మూడో లీగులో చాంపియన్ అయింది. రెండో జట్లు మూడో లీగు దాటి పైకి ఎక్కకూడదు, కాబట్టి ఎక్కలేదు. వెనకున్న వూర్జ్‌బర్గ్, బ్రౌన్‌ష్వైగ్ ఎక్కాయి. మరుసటి ఏడాది ఆ చాంపియన్ జట్టే నాలుగో అంచెకి దిగిపోయింది. నెదర్లాండ్స్‌లో 2017–18లో రెండో అంచె విజేత అయాక్స్ కుర్రాళ్ళ జట్టు, పైకి వెళ్ళింది రెండో స్థానంలో ఉన్న ఫార్చునా సిట్టార్డ్. స్పెయిన్‌లో 1983–84లో రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్తిల్యా సెకండ్ డివిజన్ గెలిచింది, అక్కడే ఉండిపోయింది. ఆ లెక్కన చూస్తే ఎవరికీ నష్టం లేదు కదా, వెనకవాళ్ళు ఎక్కారు కదా అని మొదట్లో నేనూ అనుకున్నాను.

పైమెట్టు దగ్గర నష్టం లేదు, నిజమే. కింది మెట్టు దగ్గర ఉంది. 2019లో మూడో లీగులో ఒక చోటు కోసం ప్లేఆఫ్, అంటే ఎవరు ఎక్కాలో తేల్చే పోరు జరిగింది. ఉత్తర జర్మనీ నాలుగో అంచె విజేత ఒకవైపు, బవేరియా విజేత ఒకవైపు. తీరా చూస్తే వుల్ఫ్స్‌బర్గ్ రెండో జట్టు, బయర్న్ రెండో జట్టు. మొదటి మ్యాచ్ మూడు–ఒకటితో వుల్ఫ్స్‌బర్గ్‌ది, రెండోది నాలుగు–ఒకటితో బయర్న్‌ది. రెండేళ్ళలో ఖాళీ చెయ్యబోయే సీటు కోసం, అంతకన్నా పైకి ఎన్నడూ వెళ్ళలేని రెండు జట్లు! అటు ఉత్తరాన రెండో స్థానంలో ల్యూబెక్ కూర్చుని చూసింది. సొంత ఊరు, సొంత స్టేడియం, వేలమంది అభిమానులున్న క్లబ్బు. వాళ్ళకి ఆ గెలుపుతో ఒక ఊరి పదేళ్ళ జాతకం మారుతుంది. వుల్ఫ్స్‌బర్గ్ వాళ్ళకి రెండో జట్టు ఎక్కితే అభివృద్ధి విభాగం నివేదికలో ఒక పేరా.

దిగడం దగ్గర ఇంకా అన్యాయం. పైనించి ఒక రెండో జట్టు మన లీగులోకి దిగితే కింద ఒక చోటు తగ్గుతుంది. మన లీగు అడుగున ఉన్నవాడు తన తప్పు లేకుండా ఇంకో మెట్టు జారాల్సి రావచ్చు, వాడి వెనకవాడు ఇంకొకటి. అలా ఎక్కడో ఆరో అంచె ఊళ్ళో, చర్చి వెనక గ్రౌండులో ఆడుకునేవాళ్ళ దాకా ఆ కుదుపు వెళ్తుంది.

రెండో జట్టుకీ అన్యాయమే జరుగుతుంది ఒక్కోసారి. 2012లో స్పెయిన్‌లో విల్లారియల్ మొదటి జట్టు ఆఖరి రోజున, ఆఖరి నిమిషాల్లో పడిన గోల్‌తో సెకండ్ డివిజన్‌కి దిగిపోయింది. అప్పటికే అదే డివిజన్లో, పట్టిక మధ్యలో హాయిగా ఉన్న వాళ్ళ రెండో జట్టుని మూడో అంచెకి తోసేశారు, ఒకే క్లబ్బు రెండు జట్లు ఒకే లీగులో ఉండకూడదు కాబట్టి. ఆ కుర్రాళ్ళు ఏడాదంతా ఆడి సంపాదించిన పాయింట్లు ఏమయ్యాయి? ఆ పాయింట్లకి మొదట్నించీ విలువ లేదన్న సంగతి ఆ రోజు అధికారికంగా తేలింది, అంతే.

ఓస్నాబ్రూక్ నా వాదనకి పెట్టిన చిల్లు

ఇంతవరకూ రాసి, చదివి చూసుకుంటే ఒకచోట కాలు జారుతోంది. "పోయేదేమీ లేనివాడు మనసు పెట్టి ఆడడు" అన్నట్టు ధ్వనిస్తోంది నా మాట. అది నిజం కాదు. నా కళ్ళతో చూశాను, టీవీలోనే అనుకోండి.

2023 మే 27, మూడో లీగు ఆఖరి రోజు. పట్టికలో రెండో స్థానం ఫ్రైబర్గ్ రెండో జట్టుది, వాళ్ళు ఎక్కలేరు. కాబట్టి మూడో స్థానం వాళ్ళు నేరుగా ఎక్కుతారు, నాలుగో స్థానానికి ప్లేఆఫ్. నేరుగా ఎక్కాలంటే ఓస్నాబ్రూక్ అనే ఊరి క్లబ్బు సొంత మైదానంలో గెలిచి తీరాలి. ఎదురుగా ఎవరు? డోర్ట్‌మండ్ రెండో జట్టు. వాళ్ళకి గెలిచినా ఓడినా ఒకటే. కానీ ఒక గోల్ కొట్టి, తొంభై నిమిషాలు దాటేదాకా దాన్ని కాపాడుకున్నారు! స్టేడియమంతా శవం లేచిన ఇల్లులా ఉంది. అప్పుడు ఇంజురీ టైమ్‌లో ఓస్నాబ్రూక్ ఒకటి కొట్టింది, ఇంకో రెండు నిమిషాలకి రెండోది. జనం మైదానంలోకి ఉరికారు. అప్పటిదాకా మూడో స్థానంలో ఉన్న వీస్‌బాడెన్ నాలుగుకి జారి, ప్లేఆఫ్ ఆడి ఎక్కాల్సొచ్చింది.

డోర్ట్‌మండ్ పిల్లలు ఎందుకంత గట్టిగా ఆడారు? ఆటగాడికి పోయేది ఉంది కాబట్టి. పైన కోచ్ చూస్తున్నాడు, ఏజెంటు చూస్తున్నాడు, వచ్చే ఏడాది కాంట్రాక్ట్ ఎవరిస్తారో తెలీదు. మనిషికి ఆకలి ఉంది. ఆ మాటకొస్తే ఆ మధ్యాహ్నం వాళ్ళ నిజాయితీని మించింది లేదు.

కాబట్టి నా ఫిర్యాదుని సరిదిద్దుకోవాలి. వచ్చినవాళ్ళు ఎలా ఆడారన్నదాని మీద నాకేమీ లేదు. ఎవరొస్తారన్నది ఎవరు, ఎందుకు నిర్ణయిస్తున్నారన్నదే నా బాధ. మా కోచ్ శనివారం జట్టుని ఎంచేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకుంటాడు, ఈ మ్యాచ్ ఎలా గెలుస్తాం అని. రెండో జట్టు కోచ్‌కి ఆ ప్రశ్న ఆఖర్న వస్తుంది. ఎవడికి నిమిషాలు కావాలి, పై కోచ్ ఎవణ్ణి అడిగాడు, ఎవణ్ణి జనవరిలో అమ్మాలి, ఇవి ముందు. నిబంధన ప్రకారం 23 దాటినవాళ్ళు ముగ్గురికి మించకూడదు. అంతకు లోపువాళ్ళు మొదటి జట్టులో ఎంత పెద్ద ఆటగాళ్ళైనా దిగొచ్చు. దానివల్ల మాకు ఏప్రిల్లో ఒక జట్టు, మా పోటీదారుకి ఇంకో జట్టు ఎదురయ్యాయి. ఎవరూ మోసం చెయ్యలేదు, కుట్ర అసలే లేదు. మా గురించి ఎవరూ ఆలోచించలేదు, అంతే. అది కుట్రకన్నా ఎక్కువ గుచ్చుకుంది నాకు.

ఇంగ్లండ్ ఏం చేసింది

వరంగల్ మిత్రుడొకడు మాంచెస్టర్‌లో డాక్టరు. ఈ సంగతి ఫోన్లో చెప్తే వాడు నవ్వాడు. "నువ్వు గా సాసేజ్ దుకాణంల నిలవడి మాట్లాడుతున్నవ్ రా. ప్లేయర్లు యాడికెళ్ళి వస్తరు మరి? మా దగ్గర రెండో టీమ్ లేదని పోరగాండ్లను సూట్‌కేసుల లెక్క ఊరూరు తిప్పుతుండ్రు."

వాడన్నదాంట్లో నిజముంది. ఇంగ్లండ్‌లో రెండో జట్లని లీగుల్లోకి రానివ్వలేదు. 2014లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ చైర్మన్ గ్రెగ్ డైక్ కమిషన్, నాలుగో అంచె అయిన లీగ్ టూ కింద కొత్తగా ఒక లీగ్ త్రీ పెట్టి, పెద్ద క్లబ్బుల బి జట్లని, అంటే రెండో జట్లని, అందులో కూర్చోబెడదామంది. కింది క్లబ్బుల అభిమానులు అంతెత్తున లేచారు, ఆ ప్రతిపాదన అక్కడే ఆగింది. రెండేళ్ళకి దొడ్డిదారిన వచ్చింది. కింది డివిజన్ల సొంత కప్పు ఈఎఫ్‌ఎల్ ట్రోఫీలో పెద్ద అకాడమీల జట్లు 16 చేర్చారు. అభిమానులు బహిష్కరించారు, స్టేడియాలు వెలవెలబోయాయి. ఆ సీజన్లోనే అసలు తమాషా. ల్యూటన్, పోర్ట్స్‌మత్ క్లబ్బులకి చెరో పదిహేను వేల పౌండ్ల జరిమానా పడింది, బలహీనమైన జట్టుని దింపినందుకు. పెద్ద క్లబ్బు కుర్రాళ్ళ కోసం తలుపు తెరిచిన పోటీలో, చిన్న క్లబ్బు తన కుర్రాళ్ళని ఆడిస్తే తప్పు! నేను ఎన్నిసార్లు చదివినా ఇది నాకు మింగుడుపడలేదు. మా డాక్టరు కూడా దీనికి జవాబు చెప్పలేదు, "అది వేరే కథ" అన్నాడు.

మరి వాడు చెప్పిన సూట్‌కేసులు? లోన్ పద్ధతి, అంటే ఆటగాణ్ణి కొన్నాళ్ళు వేరే క్లబ్బుకి అద్దెకివ్వడం. ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్ టాటెన్‌హామ్‌లో నిలదొక్కుకోకముందు లేటన్ ఓరియంట్, మిల్వాల్, నార్విచ్, లెస్టర్ తిరిగాడు. ఇరవై ఏళ్ళకే నాలుగు క్లబ్బులు. పెద్ద క్లబ్బులు పిల్లల్ని గుట్టలుగా కొని అద్దెకి తిప్పుతుంటే ఫిఫా 2022లో పరిమితి పెట్టాల్సొచ్చింది. విదేశీ లోన్లు ఇప్పుడు ఆరుకి మించకూడదు, 21 లోపువాళ్ళనీ సొంత అకాడమీవాళ్ళనీ మినహాయించి. ఆ మినహాయింపులోంచి ఎంతమంది జారిపోతారో మీకే తెలుసు.

అయినా ఆ రెండింట్లో నన్ను ఎంచుకోమంటే లోనే నయమంటాను. కేన్ మిల్వాల్‌కి వెళ్ళినప్పుడు మిల్వాల్ కోసం ఆడాడు. వాళ్ళు దిగిపోతే ఆ మచ్చ తనకీ అంటేది. ఆ ఐదారు నెలలు వాళ్ళ భయం వాడి భయం. చిన్న క్లబ్బుకి ఒక మంచి ఆటగాడు దొరికాడు, కుర్రాడికి నిజమైన పాఠం దొరికింది. రెండో జట్టులో అయితే పదకొండు మందీ ఒకేసారి మా గ్రౌండుకి వచ్చి మా భయాన్ని ఎదురుగా నిలబడి చూసి వెళ్ళిపోతారు.

ఇంకో సంగతి. 2014లో జర్మనీలో రెండో జట్టు తప్పనిసరి అన్న నిబంధన ఎత్తేశారు. వెంటనే లెవర్కూసెన్, ఫ్రాంక్‌ఫర్ట్ తమవాటిని మూసేశాయి. ఖర్చు ఎక్కువ, పైకి వస్తున్నవాళ్ళు తక్కువ అన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ 2022లో మళ్ళీ తెరిచింది, అది నా వాదనకి వ్యతిరేకం, దాచను. కానీ అప్పటికి తెరవని లెవర్కూసెన్ 2023–24లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జర్మనీ మొదటి లీగు బుండెస్‌లీగా గెలిచింది. వాళ్ళ ముద్దుబిడ్డ ఫ్లోరియన్ వీర్ట్జ్ పదిహేడేళ్ళకే నేరుగా మొదటి జట్టులో దిగాడు. వీర్ట్జ్ లాంటివాడు ఏ పద్ధతిలోనైనా పైకొస్తాడు, నిజమే. రెండో జట్టు లేకపోతే కొంప మునుగుతుందనేవాళ్ళకి మాత్రం ఆ కప్పు చూపిస్తాను.

హైదరాబాదు ఎడమ బ్యాక్

ఇదే ప్రశ్న ఇండియా గురించి అడిగితే నేను తడబడతాను. 2010లో మన ఫుట్‌బాల్ సమాఖ్య కుర్రాళ్ళ కోసం ఇండియన్ యారోస్ అని జట్టు పెట్టి ఐ-లీగు అనే జాతీయ లీగులో ఆడించింది. మధ్యలో ఆపి 2017లో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ సీజన్లో ఆఖరి స్థానం వచ్చింది. దిగిపోయే నిబంధన వాళ్ళకి లేదు. నా కొలత ప్రకారం ఇంతకన్నా తప్పుడు జట్టు ఇంకోటి ఉండదు. పోయేదేమీ లేదని కాగితం మీదే రాసిచ్చారు.

కానీ 2022 మార్చి 20న గోవాలో ఫతోర్దా స్టేడియంలో పెనాల్టీల మీద కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచినప్పుడు, ఎడమ బ్యాక్‌గా ఉన్నది ఆకాశ్ మిశ్రా. యారోస్ నించి 2020లో వచ్చినవాడు. ఆ రాత్రి ఇక్కడ ఒంటరిగా ల్యాప్‌టాప్ ముందు గంతులేసినవాణ్ణి, ఆ జట్టు ఉండకూడదని ఇవాళ ఏ నోటితో అంటాను? ఐఎస్‌ఎల్ క్లబ్బుల రిజర్వు జట్లు ఐ-లీగు రెండో డివిజన్లో ఆడాయి, పైకి ఎక్కే హక్కు లేకుండానే. అప్పుడూ నాకు కోపం రాలేదు.

ఎందుకు రాలేదా అని ఆలోచిస్తే, అక్కడ సీట్లు ఖాళీగా ఉన్నాయి. జర్మనీలో మా అంచె కింద వేల క్లబ్బులు వరసలో ఉన్నాయి, ఒక్కో ఊరికి ఒకటి. మన దగ్గర జట్లని పోగుచెయ్యడమే కష్టం. పిల్లాడికి ఏడాదికి ఇరవై మ్యాచులు దొరకడమే గగనం. ఎవర్నీ లేపకుండా ఖాళీ సీట్లో కూర్చున్నవాణ్ణి తప్పుపట్టలేం. ఇటలీలో 2018లో యువెంటస్ రెండో జట్టు మూడో అంచెలోకి వచ్చింది కూడా, డబ్బుల్లేక క్లబ్బులు తప్పుకున్న ఖాళీల్లోనే. అందులోంచి కెనాన్ యిల్డిజ్ లాంటివాడు వచ్చాడు. ఏసీ మిలాన్ రెండో జట్టు 2024లో అదే అంచెలో చేరి ఒక్క ఏడాదిలో దిగిపోయింది, దిగే భయం అక్కడ నిజంగానే ఉంది. ఇటలీని నేను ఇంకా పూర్తిగా తిట్టలేను.

హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి తెలుసుగా. 2025లో ఊరు మారి, పేరు మారి, ఢిల్లీ జట్టయిపోయింది. అప్పటికి మూడేళ్ళ కిందట కప్పు తెచ్చిన జట్టు. దానికి రెండో జట్టు ఉందా లేదా అన్న చర్చ ఇప్పుడెవరికి కావాలి?

జాబితాకి తాళం

మా క్లబ్బు వార్షిక సమావేశంలో నాకు తోచిన మందు చెప్పాను. నా జర్మన్ అంతంతమాత్రం, అయినా లేచి నిలబడ్డాను. రెండో జట్లు ఆడాలంటే ఆడనీ. సీజను మొదట్లో ఇరవై రెండు మంది పేర్లు ఇచ్చి ఆ జాబితాకి తాళం వెయ్యాలి. ఆ తర్వాత పైనించి ఒక్కడూ దిగకూడదు. అప్పుడు ఏప్రిల్లో మాకు ఎదురైనవాళ్ళే అందరికీ ఎదురవుతారు. బలంగా ఉంటే అందరికీ బలంగా, పేలవంగా ఉంటే అందరికీ పేలవంగా.

పెద్ద క్లబ్బులు దీనికి ఒప్పుకోవని నాకు తెలుసు. అవసరమైనప్పుడు దింపుకోవడానికీ ఎత్తుకోవడానికే కదా వాళ్ళకి రెండో జట్టు. ఆ వీలు లేకపోతే వాళ్ళకి దాని అవసరమే లేదు. అలాగైతే వాళ్ళకి కావాల్సింది ప్రాక్టీసు మ్యాచులు. ఆడుకోవచ్చు, మేమూ ఆడతాం, పట్టికలో రాయకుండా. టికెట్లు అమ్ముకుంటాం.

నేను కూర్చున్నాక లెక్కల పెద్దాయన లేచాడు. నన్ను సమర్థిస్తాడనుకున్నాను. "పట్టికలో లేని మ్యాచ్‌కి పన్నెండొందల మంది రారు" అన్నాడు. కాగితం తీసి చదివాడు: ఏప్రిల్ మ్యాచ్ రోజు గేటు వసూళ్ళు, బీరు, సాసేజీలు. ఆ ఒక్క శనివారం డబ్బుతో పిల్లల జట్లన్నిటి బస్సు ఖర్చు వెళ్ళిపోయిందట. నా కొడుకు అండర్-13 బస్సుతో సహా. "ఐదు గోల్స్ పడ్డాయి, తెలుసు. నేనూ అక్కడే ఉన్నాను. ఒక్కో గోల్‌కి ఎంత వచ్చిందో లెక్కేసి చెప్పమంటారా?" జనం నవ్వారు. ఎడమ బ్యాక్ కూడా నవ్వాడు. నా ప్రతిపాదన ఓటు దాకా రాలేదు.

ఆయన లెక్క తప్పని నేను అనలేను, నా మాటా వెనక్కి తీసుకోలేదు. బయటికొచ్చి సైకిల్ తాళం తీస్తుంటే ఆయనే పక్కకొచ్చి నిలబడ్డాడు. "మీరు చెప్పిందే న్యాయం. నలభై ఏళ్ళుగా ఇక్కడ లెక్కలు రాస్తున్నాను, న్యాయం అని ఒక పద్దు ఎప్పుడూ రాయలేదు" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

పోయిన వారం కొత్త సీజన్ మ్యాచుల తేదీలు వచ్చాయి. క్లబ్బు గదిలో క్యాలెండర్ మీద ఆ రెండో జట్టు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం గీసి ఉంది. కింద ఆయన చేతిరాత: "బన్నులు 700. ముందురోజే చెప్పాలి." దాని పక్కన స్టాల్ డ్యూటీ పట్టీలో రెండు పేర్లు రాసేశారు, అందులో ఒకటి నాది.